క్రాప్ సెన్సర్ కెమెరాకు ప్రైమ్ లెన్స్: నిలబడే చోటును బట్టి ఎంపిక

(బెంగళూరులో తెలుగు ఫొటోగ్రఫీ అభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

సభకు నమస్కారం.

ఈ ఊళ్లో కెమెరా ఉన్న తెలుగువాళ్లకు కొదవ లేదు. వారిలో చాలామంది దగ్గర ఉన్నది క్రాప్ సెన్సర్ కెమెరా, అంటే బొమ్మను పట్టే సెన్సర్ పాత ఫిల్ము ఫ్రేము కంటే చిన్నగా ఉండేది; దానితోపాటు పెట్టెలో వచ్చిన 18-55 మి.మీ. జూమ్ లెన్స్, కిట్ లెన్స్ అనేది దీన్నే. కొన్నాళ్లు దానితో తీశాక ఎవరో ఒకరు, "ఒక ప్రైమ్ లెన్స్ కొనుక్కోండి, తేడా మీకే తెలుస్తుంది" అని చెబుతారు. ప్రైమ్ అంటే జూమ్ లేని, ఒకే ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్. ఫోకల్ లెంగ్త్ అంటే లెన్స్ మీద మిల్లీమీటర్లలో రాసి ఉండే అంకె; అది పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే మేర తగ్గుతుంది. ఎన్ని మిల్లీమీటర్లది కొనాలని అడిగితే తడుముకోకుండా వచ్చే జవాబు యాభై. ఆ జవాబు చెడ్డదని నేను అనను. అడిగిన మనిషి ఎక్కడ నిలబడి ఫొటో తీస్తాడో విచారించకుండా ఇచ్చిన జవాబు అని మాత్రం అంటాను. లెన్స్ ఎంచుకునేటప్పుడు వెల, అపెర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం), కంపెనీ పేరు అన్నీ చూడవలసినవే గానీ, వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఒకటుంది: మీకూ, మీరు తీసే మనిషికీ మధ్య మామూలుగా ఎన్ని అడుగుల చోటు దొరుకుతుంది? ఈ పూట నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

యాభైకి అంత పేరు ఫిల్ము కాలంలో వచ్చింది. 1925లో లైకా కెమెరా మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి బిగించి ఉన్నది 50 మి.మీ. లెన్స్. ఆ ఫిల్ము మీద పడే బొమ్మ వెడల్పు 36 మి.మీ., ఎత్తు 24 మి.మీ.; దాని కర్ణం సుమారు 43 మి.మీ. కర్ణానికి దగ్గరగా ఫోకల్ లెంగ్త్ ఉన్న లెన్స్‌ను నార్మల్ లెన్స్ అనడం ఫొటోగ్రఫీలో ఆనవాయితీ. తరువాత చాలా దశాబ్దాలపాటు కెమెరా కొంటే దానితో పాటు యాభై లెన్స్ వచ్చేది కనుక, మొదటి ప్రైమ్ అంటే యాభై అనే మాట స్థిరపడిపోయింది. 1999లో నికాన్ డి1 చిన్న సెన్సర్‌తో వచ్చాక లెక్క మారింది, మాట మాత్రం మారలేదు. నికాన్, సోనీ, ఫుజీఫిల్మ్ క్రాప్ సెన్సర్లు సుమారు 23.5 మి.మీ. వెడల్పు ఉంటాయి, కేనన్‌ది ఇంకాస్త చిన్నది, 22.3 మి.మీ. వాటి కర్ణం 27, 28 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అందువల్ల ఫిల్ము మీద యాభై చేసిన పనిని ఈ కెమెరాల మీద 28 నుంచి 35 మధ్య ఉన్న లెన్సులు చేస్తాయి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. క్రాప్ సెన్సర్ లెన్స్‌ను ఏమీ చేయదు. గోడకున్న కిటికీని చిన్నది చేస్తే బయట ఉన్న చెట్టు దగ్గరికి రాదు, కనిపించే మేర తగ్గుతుంది, ఇదీ అంతే. ఫోకల్ లెంగ్త్‌ను 1.5తో, కేనన్ అయితే 1.6తో గుణించమని చెప్పేది, ఆ 36 మి.మీ. ఫిల్మంత సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చుకోవడానికే. క్రాప్ కెమెరాల కోసమే తయారైన లెన్సుల మీద కూడా రాసి ఉండేది అసలు ఫోకల్ లెంగ్తే. నికాన్ డీఎక్స్ (క్రాప్ కెమెరాల వరుస) 35 కొన్నవారు "ఇది డీఎక్స్ లెన్స్ కదా, ముందే గుణించి రాసి ఉంటారు" అనుకోవడం తరచుగా వింటూ ఉంటాను. అలా ఏమీ ఉండదు. దాని మీద 35 అని ఉంటే అది 35 మి.మీ. లెన్సే, మీ కెమెరా మీద ఫుల్ ఫ్రేమ్‌లో 52 మి.మీ. లెన్స్ చూపేంత మేర చూపిస్తుంది.

ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఎన్నడూ పట్టుకోనివారికి ఈ పోలిక వల్ల ఒరిగేది తక్కువ. వారికి పనికొచ్చే లెక్క వేరే ఉంది. సెన్సర్ వెడల్పును మీరు నిలబడిన దూరంతో గుణించి, ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. ఫ్రేములో పట్టే వెడల్పు వస్తుంది. దూరాన్ని అడుగుల్లో వేస్తే జవాబు అడుగుల్లోనే వస్తుంది. కెమెరాను నిలువుగా పట్టుకుంటే అదే ఎత్తు అవుతుంది. పది అడుగుల దూరంలో, 23.5 మి.మీ. సెన్సర్ మీద, యాభై లెన్స్‌లో పట్టేది 4.7 అడుగులు. ముప్పై ఐదులో 6.7 అడుగులు. ఇరవై నాలుగులో 9.8 అడుగులు.

ఈ మూడు అంకెలను మన ఇళ్లలోకి తీసుకువెళ్దాం. బెంగళూరులో ముప్పై-నలభై అడుగుల సైటులో కట్టిన ఇంట్లోనో, రెండు పడకగదుల ఫ్లాట్‌లోనో హాలు వెడల్పు పది పన్నెండు అడుగులు ఉంటే గొప్ప. అందులో సోఫా, టీవీ బల్ల పోగా వెనక్కి జరగడానికి మిగిలేది ఎనిమిది తొమ్మిది అడుగులు. పట్టుచీర కట్టుకుని నిలబడిన అయిదున్నర అడుగుల మనిషిని, తల పైనా కాళ్ల కిందా కొంత ఖాళీ వదిలి నిలువుగా తీయాలంటే యాభై లెన్స్‌తో పదమూడు అడుగులు వెనక్కి పోవాలి. అంటే గోడ అవతల నిలబడాలి. ముప్పై ఐదుతో తొమ్మిది అడుగులు చాలు. బారసాలలో ఉయ్యాల, దాని పక్కన తల్లీ తండ్రీ, వెనక తాతయ్య, అమ్మమ్మ, నాయనమ్మ ఒకే ఫ్రేములో కావాలంటే అడ్డంగా ఎనిమిది అడుగులు పట్టాలి. అక్కడ ముప్పై ఐదు కూడా ఇరుకే, ఇరవై నాలుగు కావాలి. సంక్రాంతికి భోగిపళ్లు పోసేటప్పుడు పిల్లవాడి చుట్టూ ముత్తైదువులు మూగుతారు కదా, వారి మధ్యలో నిలబడి తీయవలసినవాడికి యాభై ఇస్తే ముఖాలూ చేతులూ ముక్కలు ముక్కలుగా వస్తాయి తప్ప, వేడుక ఫ్రేములోకి రాదు.

అంతమాత్రాన యాభైని పక్కన పెట్టేయమని కాదు. దాని చోటు వేరు. ముఖమూ భుజాలూ మాత్రమే నిండుగా తీసే పోర్ట్రెయిట్‌కు ఫ్రేములో రెండు అడుగులు పడితే చాలు. అందుకు యాభైతో నాలుగుంబావు అడుగుల దూరంలో ఉండాలి, ముప్పై ఐదుతో మూడు అడుగుల్లోకి రావాలి, ఇరవై నాలుగుతో రెండే అడుగుల్లోకి. ముఖాన్ని మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోయినట్లు కనిపిస్తాయి. ఇది లెన్స్ చేసే వికారమని చాలామంది అనుకుంటారు, నిజానికి అది దూరం చేసే పని. రెండు అడుగుల్లో నిలబడి ఏ లెన్స్‌తో తీసినా ముక్కు అలాగే వస్తుంది. యాభై మనల్ని నాలుగు అడుగులకు అవతల నిలబెడుతుంది కాబట్టి ముఖం పొందికగా వస్తుంది, ఆ ముఖం ఉన్న మనిషికి కూడా మీద పడినట్లు ఉండదు. లాల్‌బాగ్‌లోనో, కబ్బన్ పార్కులోనో చెట్ల కింద స్నేహితుల ముఖాలు తీసేవారికి, వెనక్కి జరగడానికి చోటుకు లోటు లేనివారికి యాభై దివ్యంగా ఉంటుంది.

ఇప్పుడు అపెర్చర్ సంగతి. ప్రైమ్ కొనడానికి అసలు కారణం వెలుతురే అని చాలామంది అంటారు, అందులో నిజముంది. కిట్ జూమ్ 35 దగ్గర సుమారు ఎఫ్ 4.5 వరకు మాత్రమే తెరుచుకుంటుంది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది), ఎఫ్ 1.8 ప్రైమ్ దానికంటే ఆరు రెట్లకు పైగా వెలుతురును లోపలికి పంపుతుంది. కల్యాణ మంటపంలో కిట్ లెన్స్‌తో ఐఎస్ఓ (వెలుతురు చాలనప్పుడు పెంచే అమరిక, పెరిగేకొద్దీ ఫొటో గరుకుగా వస్తుంది) 6400 పెట్టవలసిన చోట ప్రైమ్‌తో 1000 సరిపోతుంది. ఈ తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తుంది, చర్మం రంగులో మరీ ఎక్కువగా. ఎఫ్ 1.8 నుంచి ఎఫ్ 1.4కు వెళ్తే దొరికేది ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువ, అంతే. దానికోసం బరువూ వెలా ఎంత పెరుగుతున్నాయో చూసుకుని నిర్ణయించుకోండి. మొదటి ప్రైమ్‌కు ఎఫ్ 1.8 చాలునని నా అభిప్రాయం.

వెలుతురు ఎక్కువ వస్తోంది కదా అని షటర్ వేగం పెంచేసేవారికి ఒక హెచ్చరిక. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ట్యూబులైట్లు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకు వంద సార్లు వెలుగు హెచ్చుతగ్గులు అవుతూ ఉంటాయి. మన కంటికి అది కనిపించదు. సెకనులో 500వ వంతు వేగంతో తీస్తే ఫొటోలో అడ్డంగా నల్లని చారలు పడవచ్చు, లేదా వరుసగా తీసిన నాలుగు ఫొటోల్లో నాలుగు రంగులు రావచ్చు. అటువంటి మంటపాల్లో 100వ వంతు దగ్గర ఉండటం క్షేమం. చారలు పడ్డాయని లెన్స్‌ను దుకాణానికి తిరిగి పట్టుకెళ్లినవారున్నారు. పాపం, ఆ లెన్స్ తప్పేమీ లేదు.

తెరిచిన అపెర్చర్‌కు మరో పార్శ్వం ఉంది. యాభై లెన్స్‌తో నాలుగుంబావు అడుగుల దూరంలో ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా ఉండే లోతు రెండు అంగుళాలు మాత్రమే. కన్ను స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. ఒక్క మనిషి పోర్ట్రెయిట్‌కు అది అందం, రెండు వరుసల్లో కూర్చున్న బంధువుల ఫొటోకు అది ప్రమాదం. గ్రూపు ఫొటోకు ఎఫ్ 4 లేదా 5.6కు తగ్గించుకోక తప్పదు, అక్కడ కిట్ లెన్స్‌కూ ప్రైమ్‌కూ వెలుతురులో తేడా ఏమీ మిగలదు. ఈ చిన్న విషయాన్ని అమ్మేవాళ్లు చెప్పరు.

మరి మీకు ఏ ఫోకల్ లెంగ్త్ పనికొస్తుందో ఎలా తెలుసుకోవడం? చాలామంది ఒక ఉపాయం చెబుతారు: ఇప్పటివరకు కిట్ లెన్స్‌తో తీసిన ఫొటోల ఎగ్జిఫ్ వివరాలు (ఫొటోతోపాటు కెమెరా రాసిపెట్టే సమాచారం) తీసి, ఏ ఫోకల్ లెంగ్త్ ఎక్కువసార్లు వాడారో చూడమని. లైట్‌రూమ్‌లోనో, ఉచితంగా దొరికే డిజికామ్‌లోనో అది నిమిషాల పని. మంచి ఉపాయమే, కాకపోతే దాన్ని చదవడంలో ఒక మెలకువ కావాలి. దాదాపు ప్రతివారి లెక్కలోనూ 18 దగ్గర ఒక గుట్ట, 55 దగ్గర మరో గుట్ట కనిపిస్తాయి. జూమ్ రింగు ఆ రెండు చోట్ల ఆగిపోతుంది కాబట్టి అక్కడ పోగుపడతాయి. 55 దగ్గర ఎక్కువ ఉంటే మీకు యాభై ఇష్టమని అర్థం కాదు, ఇంకా దగ్గరగా లాగాలనుకుని ఆగిపోయారని అర్థం కావచ్చు. అటువంటివారికి కావలసింది 85 కావచ్చు, లేదా దూరపువాటిని దగ్గరగా చూపే టెలిఫొటో జూమే కావచ్చు. రెండు కొసలనూ వదిలేసి మధ్యలో ఉన్న ఫొటోలను చూడండి, అందులోనూ మీకు నచ్చి దాచుకున్నవాటినే చూడండి.

నేను అంతకంటే నమ్మే పరీక్ష, కిట్ లెన్స్ జూమ్ రింగును 35 దగ్గర టేపు వేసి కదలకుండా అంటించి ఒక వారం వాడటం. ఆ వారంలో ఇంట్లో తీయండి, దర్శినిలో నిలబడి తినే బల్ల దగ్గర మసాలా దోసెను తీయండి, తెల్లవారుజామున కె.ఆర్. మార్కెట్ పూల అంగళ్ల మధ్య నడుస్తూ తీయండి. తరువాతి వారం టేపును 50కి, ఆ తరువాత 24కు మార్చండి. దర్శిని బల్ల దగ్గర ప్లేటుకు రెండు అడుగుల దూరంలో యాభైకి పట్టేది పదకొండు అంగుళాలు, అంటే దోసె ఒక్కటే. ముప్పై ఐదుకు పక్కనున్న కాఫీ లోటా కూడా పడుతుంది. ఇరవై నాలుగుకు ఎదుట నిలబడ్డ మిత్రుడి చేతులు కూడా వస్తాయి. పూల మార్కెట్లో మనుషులు భుజానికి భుజం రాసుకుంటూ నడిచే సందుల్లో ఏది ఇరుకనిపించిందో మీ కాళ్లకే తెలుస్తుంది. చైత్ర పౌర్ణమి రాత్రి తిగళరపేటలో ధర్మరాయస్వామి గుడి నుంచి కరగ ఉత్సవం బయలుదేరేటప్పుడు తీయాలని ఉన్నవారికి ఈ పరీక్ష మరీ అవసరం. అక్కడ వెలుతురు తక్కువ, జనం ఎక్కువ, వెనక్కి ఒక్క అడుగు కూడా జరగలేరు. నన్నడిగితే కరగకు 24 లేదా 35, అపెర్చర్ ఎంత పెద్దదైతే అంత మంచిది. రవీంద్ర కళాక్షేత్రలో నాట్య ప్రదర్శనను వెనక వరుస నుంచి తీసేవారికి మాత్రం ఈ చిన్న ప్రైమ్‌లు పనికిరావు. యాభై అడుగుల దూరంలో యాభై లెన్స్‌కు ఇరవై మూడు అడుగుల వేదిక పడుతుంది, నర్తకి బొమ్మంత కనిపిస్తుంది.

ఇక కెమెరాలను బట్టి క్లుప్తంగా చెబుతాను.

నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) ఉన్నవారి పని సులువు. 2009లో వచ్చిన ఏఎఫ్-ఎస్ డీఎక్స్ 35 మి.మీ. ఎఫ్ 1.8 జి రెండు వందల గ్రాముల లెన్స్, అడుగు దూరం వరకు ఫోకస్ అవుతుంది. క్రాప్ కెమెరాకు మొదటి ప్రైమ్ ఎలా ఉండాలో దానికి అది ఉదాహరణ. యాభై కావాలంటే ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్ 1.8 జి తీసుకోండి. తక్కువకు వస్తోందని పాత ఏఎఫ్ 50 ఎఫ్ 1.8 డి తీసుకునే ముందు ఆగండి. దానిలో ఫోకస్ మోటారు లేదు, డి3000, డి5000 వరుస కెమెరాల్లోనూ లేదు, కాబట్టి చేత్తో ఫోకస్ చేసుకోవాలి. డి7000 వరుసలో అయితే కెమెరాలోనే మోటారు ఉంటుంది. మిర్రర్‌లెస్ (అద్దం లేని) జెడ్ కెమెరాకు, పాత లెన్సులు తగిలించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ పెట్టినా ఆ డి లెన్స్‌కు ఆటోఫోకస్ రాదు. జెడ్ డీఎక్స్ కెమెరాల కోసం 2023లో వచ్చిన 24 మి.మీ. ఎఫ్ 1.7 చిన్నది, తేలికైనది, ఇళ్లలో తీసేవారికి నాకు బాగా నచ్చిన ఎంపిక.

కేనన్ డీఎస్ఎల్ఆర్ దగ్గర చిక్కు ఉంది. చవకైన యాభై ఉంది, 2015లో వచ్చిన 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎం. కేనన్ సెన్సర్ చిన్నది గనుక అది 80 మి.మీ.లా చూస్తుంది, ఇళ్లలో మరింత ఇరుకు. నికాన్ 35 ఎఫ్ 1.8కు సాటి వచ్చే చవక లెన్స్‌ను కేనన్ క్రాప్ డీఎస్ఎల్ఆర్‌లకు తయారుచేయలేదు. ఆ లోటును కొంత తీర్చేది 2014లో వచ్చిన ఈఎఫ్-ఎస్ 24 మి.మీ. ఎఫ్ 2.8 ఎస్‌టీఎం, బిళ్లంత పలచన, 125 గ్రాములు. ఎఫ్ 1.8తో పోలిస్తే వెలుతురు సగానికంటే తగ్గుతుంది, అయినా గదిలో మనుషులందరినీ పట్టడం ముఖ్యమైనవారికి నేను దాన్నే చెబుతాను. ఆర్‌ఎఫ్ మౌంట్ (లెన్స్ తగిలించే చోటు) ఉన్న ఆర్50, ఆర్10 వంటి కేనన్ మిర్రర్‌లెస్ కెమెరాలకు 28 మి.మీ. ఎఫ్ 2.8 దాదాపు నార్మల్ లెన్స్. 2024లో సిగ్మా తన క్రాప్ సెన్సర్ ఎఫ్ 1.4 ప్రైమ్‌లను ఈ మౌంట్‌కు కూడా ప్రకటించాక పరిస్థితి మెరుగుపడింది.

సోనీవారికి ఎంపిక రెండింటి మధ్య: సోనీ 35 ఎఫ్ 1.8 ఓఎస్ఎస్, సిగ్మా 30 ఎఫ్ 1.4. సోనీ లెన్స్‌లో వణుకును సరిచేసే ఏర్పాటు ఉంది, సిగ్మాలో లేదు. ఏ6000, ఏ6400 బాడీల్లోనూ అది లేదు కాబట్టి, కదలని వస్తువులను మసక వెలుతురులో తీసేవారికి సోనీ, పిల్లలను తీసేవారికి సిగ్మా. పరుగెత్తే పిల్లవాడిని ఏ ఏర్పాటూ ఆపలేదు, వేగమైన షటరే ఆపాలి. ఫుజీఫిల్మ్‌వారికి 23, 35 రెండూ ఎఫ్ 2లో చిన్నవిగా దొరుకుతాయి. వారు టేపు పరీక్ష చేసుకుంటే చాలు.

సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేవారు ఫోను టార్చి వెనకనుంచి వేసి, ముందునుంచి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లా కనిపిస్తే అది ఫంగస్. బెంగళూరు కంటే సముద్రం పక్కన ఉన్న చెన్నై, విశాఖ ఊళ్ల నుంచి వచ్చిన లెన్సుల్లో దీన్ని మరింత జాగ్రత్తగా వెతకండి, తేమ ఎక్కువ కదా. అపెర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందా, దగ్గరి వస్తువు మీదా దూరపు వస్తువు మీదా ఆటోఫోకస్ తడబడకుండా కుదురుతోందా అన్నవి కూడా చూడాలి. ఇంటికి తెచ్చాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి.

(సభలో ఒక శ్రోత: "సార్, నాది డి5600. రెండు నెలల్లో మా ఇంట్లోకి పాప గానీ బాబు గానీ వస్తారు. యాభై కొనమని అందరూ అంటున్నారు.")

శుభమమ్మా. పసిబిడ్డను మంచం మీద పడుకోబెట్టి, మీరు పక్కనే నిలబడి పైనుంచి తీస్తారు. అక్కడ దూరం మూడు అడుగులు. ముప్పై ఐదుతో రెండు అడుగుల మేర పడుతుంది, బిడ్డ పూర్తిగా వస్తుంది. యాభైతో ఒకటిన్నర అడుగులకు లోపే. పైగా నికాన్ యాభై ఒకటిన్నర అడుగుల కంటే దగ్గరికి ఫోకస్ కాదు, చిట్టి వేళ్లు, పాదాలు తీయాలనుకున్నప్పుడు మీరే వెనక్కి జరగాలి. మీకు 35.

(మరొక శ్రోత: "రేపు ఫుల్ ఫ్రేమ్‌కు మారితే డీఎక్స్ లెన్స్ వృథా కాదా?")

ఫుల్ ఫ్రేమ్ నికాన్‌కు పెడితే కెమెరా తనంతట తానే మధ్య భాగాన్ని మాత్రం వాడుకుంటుంది, రెజల్యూషన్ తగ్గుతుంది. నిజమే. కానీ ఎప్పుడో కొనబోయే కెమెరా కోసం ఇప్పుడు చేతిలో ఉన్నదానికి నప్పని లెన్స్ కొనడం నాకు సబబనిపించదు. ఆనాడు దీన్ని అమ్మేయండి. బాగా వాడకంలో ఉన్న లెన్స్ కనుక కొనేవారు దొరుకుతారు.

మిగతా ప్రశ్నలు లెన్సులు చేత్తో పట్టుకుని మాట్లాడుకుందాం. కిటికీ పక్క బల్ల మీద నికాన్‌వి, తలుపు దగ్గర బల్ల మీద కేనన్, సోనీవి పెట్టి ఉన్నాయి. మీ మీ కెమెరాలకు తగిలించి, ఈ గదిలోనే ఒకరినొకరు తీసి చూడండి. లెన్స్ మార్చే ముందు కెమెరా ఆఫ్ చేయడం మరవకండి.